నార్మాండీ ఓడ గొప్పదా, దాని ఫొటోలు గొప్పవా?

పాతపేజీ
పాత ఓడల ఫొటోలంటే ఇష్టమున్న నలుగురు ఎక్కడ చేరినా మాట చివరికి నార్మాండీ మీదికే వెళ్తుంది. తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో కట్టిన ప్రయాణికుల ఓడ. 1935 మే 29న లె హావ్ర్ నుంచి న్యూయార్క్‌కు తొలిసారి బయలుదేరింది. పొడవు 313 మీటర్లు, అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద ఓడ లేదు. అట్లాంటిక్‌ను అందరికంటే వేగంగా దాటిన ఓడకు దక్కే బ్లూ రిబాండ్ గౌరవాన్ని ఆ మొదటి ప్రయాణంలోనే కొట్టేసింది. నాలుగేళ్లకు పైగా తిరిగింది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో, కట్టిన తాళ్లు కట్టినట్టే ఉండగా, కాలి ఒరిగిపోయింది.

నా వాదన ఏమిటంటే, మనం మోజుపడుతున్నది ఓడ మీద కాదు, దాన్ని నడిపిన ఫ్రెంచ్ లైన్ కంపెనీ తీయించిన ప్రచార చిత్రాల మీద. మొదటి తరగతి భోజనశాల ఫొటో అందరూ చూసే ఉంటారు. 93 మీటర్ల పొడవు, ఒక్క కిటికీ లేదు, వెలుగంతా వరుసగా నిలబెట్టిన, ఫ్రెంచ్ గాజు కళాకారుడు లాలిక్ చేసిన దీపస్తంభాలదే. బాగుంది, కాదనను. కానీ ఓడలో పట్టే 1,972 మందిలో మొదటి తరగతివారు 848 మంది. మిగిలిన 1,124 మంది టూరిస్టు తరగతిలో, మూడో తరగతిలో వెళ్లేవారు. వాళ్లు తిన్న బల్లలు, పడుకున్న పడకలు మీరు ఎన్ని ఫొటోల్లో చూశారు? తొలి ప్రయాణాల్లో ఓడ వెనుక భాగం ఎంతగా అదిరిపోయేదంటే, మరుసటి ఏడాదికి మూడు రెక్కల ప్రొపెల్లర్లు తీసేసి నాలుగు రెక్కలవి బిగించాల్సి వచ్చింది. ఫొటోలోని గ్లాసు అదరదు కదా! ఇంత అందగత్తె చాలా ప్రయాణాల్లో నిండేదే కాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇంజిన్‌గది
నేను సరకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేస్తాను కాబట్టి ‘ఊరు దిబ్బ’ అన్నమాట కాస్త గుచ్చుకుంది. ప్రచార చిత్రమని మీరు తీసిపారేస్తున్న ఫొటోల్లో ఒకటి తీసుకుందాం. పెద్ద హాలు ఒక కొస నుంచి తీసినది. చూపు ఆ హాలు దాటి, పొగతాగే గది దాటి, ఇంకా వెనక్కి సాగిపోతుంది. అప్పటి ఓడలో అలాంటి చూపు దొరకడం మామూలు విషయం కాదు. బాయిలర్ల పొగ పైకి వెళ్లాలంటే ఓడ నట్టనడుమ నుంచి పెద్ద పెద్ద గొట్టాలు అన్ని అంతస్తులనూ చీల్చుకుంటూ పైకి రావాలి. అందుకే చాలా ఓడల్లో హాళ్లన్నీ ఆ గొట్టాల చుట్టూ ముక్కలు ముక్కలుగా ఉండేవి. నార్మాండీలో ఆ గొట్టాన్ని కిందనే రెండుగా చీల్చి, ఓడ రెండు పక్కల గోడల వెంట పైకి తెచ్చి, పై అంతస్తులో మళ్లీ కలిపారు. నడిమి భాగమంతా ఖాళీ అయింది. ఫొటోగ్రాఫర్ ఎంత మొనగాడైనా, ఎదురుగా పొగగొట్టం ఉంటే దాని వెనుక ఉన్నదాన్ని చూపించలేడు.

పైభాగం సంగతీ అంతే. లంగరు గొలుసులు, తాళ్లు చుట్టే యంత్రాలు ముందు భాగంలో బయటికి కనిపించకుండా తాబేలు వీపులాంటి కప్పు వేశారు. నీటిని చీల్చే ముందు అంచును, నీటి కింది ఉబ్బును రూపొందించినవాడు వ్లదీమిర్ యుర్కెవిచ్, రష్యా నౌకాదళానికి ఓడలు గీసి, విప్లవం తర్వాత ఫ్రాన్స్ చేరిన ఇంజినీరు. ఆ రూపం వల్లే, పోటీ ఓడ క్వీన్ మేరీ కంటే తక్కువ శక్తితో దాదాపు అంతే వేగం అందుకుంది.

పాతపేజీ
ఇంజిన్‌గది గారూ, మీరు పొగగొట్టాల మాట ఎత్తడంతోనే నాకు పని సులువైంది. నార్మాండీ మూడో పొగగొట్టంలోంచి పొగ రాదు. అది ఉత్తుత్తిది. కుక్కల గదులు పెట్టారు అక్కడ. రెండు గొట్టాలతో పని జరిగిపోయే ఓడకు మూడోది ఎందుకు? దూరం నుంచి చూసినప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ కాస్త పొట్టిగా, వెనక్కి వాలి, మూడూ వరుసగా కనిపించాలని. అంటే ఓడ పుట్టుకే ఫొటో కోసం.

చీకటిగది
అదే అయితే మీ వాదన మీకే ఎదురు తిరుగుతుంది. కంటికి అందంగా ఉండాలని కట్టిన వస్తువు ఫొటోలో అందంగా పడితే మోసం ఎక్కడిది?

నాకు ఫొటోలు తీయడమే వృత్తి కాబట్టి ఆ లోపలి చిత్రాల గురించి ఒక మాట. అవి మనకు ఎందుకు అంటుకుపోతాయంటే, వాటిలో మనుషులు లేరు. ఆ రోజుల్లో అంత పెద్ద హాలును, దీపాల వెలుగులో, పెద్ద కెమెరాతో తీయాలంటే కటకం చాలాసేపు తెరిచి ఉంచాలి. జనం ఉంటే చెదిరిపోయిన మరకలే మిగులుతాయి. అందుకని బల్లలన్నీ సర్ది, మనుషులను పంపేసి తీసేవారు. మడిచి నిలబెట్టిన రుమాలు, బోర్లించని గ్లాసు, కొద్దిగా వెనక్కి జరిపిన కుర్చీ, అన్నీ ఎవరో ఇప్పుడే వచ్చి కూర్చోబోతున్నట్టుంటాయి. ఆ కుర్చీ మీద ఎనభై ఏళ్లుగా మనమే కూర్చుంటున్నాం. అదే హాలులో ఏడు వందల మంది అరుస్తూ తింటున్న ఫొటో ఉండి ఉంటే మనకు చోటు ఉండేది కాదు.

దీనికి భిన్నంగా, ప్రయాణికులు తమ చిన్న పెట్టె కెమెరాలతో తీసుకున్నవి దొరికితే చూడండి. గాలికి ఎగిరిన స్కార్ఫు, ఒళ్లంతా కంబళి కప్పుకుని వాలుకుర్చీలో పడుకున్న పెద్దాయన, వంకరగా పడిన సముద్రపు గీత. అది వేరే ఓడ అనిపిస్తుంది. నిజానికి ఇష్టంగా చూడాల్సినవి అవే, కానీ ఎవరూ గోడకు తగిలించుకోరు.

హడ్సన్‌ఒడ్డు
నేను న్యూజెర్సీలో ఉంటాను, ఈ ఓడను చివరికి ముక్కలు చేసింది మా పోర్ట్ న్యూవార్క్‌లోనే. పాతపేజీ గారి మాటకు పూర్తిగా ఎదురు చెబుతాను. ఫొటోలు ఓడను పెంచి చూపలేదు, తగ్గించాయి.

పెద్ద హాలు మూలల్లో ఝాన్ ద్యుపా రూపొందించిన గాజు చిత్రాలు ఉండేవి, నౌకాయాన చరిత్ర వాటి వస్తువు. వాటిలో ఒక భాగం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, దాదాపు ఇరవై అడుగుల ఎత్తు. గాజుకు ముందువైపు కాదు, వెనుకవైపు రంగు వేసి, బంగారు రేకు, వెండి రేకు అద్దిన పని. పాత ఫొటోల్లో అది బూడిద రంగు గోడలా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి పక్కకు ఒక అడుగు వేస్తే, ఆ మెరుపు ఒక తెరచాప మీద నుంచి ఇంకో దాని మీదికి జారుతుంది. ఏ నలుపు తెలుపు ఫొటోలో ఉంది అది? ఓడను సైనిక రవాణాకు మార్చే ముందే చాలా సామగ్రిని విప్పి ఒడ్డుకు చేర్చబట్టి ఈ మాత్రమైనా దక్కింది. దాని కంచు తలుపులు బ్రూక్లిన్‌లోని ఒక లెబనాన్ క్రైస్తవుల గుడికి ఉన్నాయి, దారిలో పోతూ చూడవచ్చు.

వానాకాలం
ఈ ఓడ అందం మీద ఇంతమంది కొట్టుకుంటుంటే నాకు వేరే అనుమానం. టైటానిక్ గుర్తుండటానికి కారణం పదిహేను వందల ప్రాణాలు. దాని లోపలి ఫొటోలని తిరుగుతున్నవి చాలావరకు దాని జంట ఓడ ఒలింపిక్‌వి. అయినా జనానికి పట్టింపు లేదు, ఎందుకంటే అక్కడ కథ ఉంది. నార్మాండీ ప్రమాదంలో చనిపోయింది ఒక్కరు. మునగడం కూడా కాదు, రేవులో పక్కకు పడింది. ఇంత చిన్న కథతో ఇన్నేళ్లు గుర్తుండాలంటే ఫొటోలే కారణం అయి ఉండాలి. అంటే పాతపేజీ గారికే సగం మార్కులు.

ఇంజిన్‌గది
చిన్న కథ అనకండి. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఓడ న్యూయార్క్‌లో చిక్కుకుంది. 1941 డిసెంబరులో అమెరికా స్వాధీనం చేసుకుని, లాఫాయెట్ అని పేరు మార్చి, సైనికులను మోసే ఓడగా మార్చడం మొదలుపెట్టింది. 1942 ఫిబ్రవరి 9న పెద్ద హాలులో టార్చితో లోహం కోస్తుంటే రవ్వలు ఎగిరి, పక్కన గుట్టగా పోసిన ప్రాణరక్షక కోట్ల మీద పడ్డాయి. వాటి నిండా బూరుగుదూది లాంటి కపోక్ పీచు. ఇంకేముంది! అగ్నిమాపక పడవలు గంటల తరబడి నీళ్లు కొట్టాయి. ఆ నీరంతా పై అంతస్తుల్లో నిలిచి ఓడ ఒరగడం మొదలైంది. నిలకడ తప్పిన ఓడలో వదులుగా ఉన్న నీరు ఎటు వాలితే అటే పరుగెత్తుతుంది, ఆ బరువుకు ఓడ ఇంకా వాలుతుంది.

ఓడ రూపకర్త యుర్కెవిచ్ అప్పుడు న్యూయార్క్‌లోనే ఉన్నాడు. రేవుకు వచ్చి, కింది కవాటాలు తెరిచి నీరు లోపలికి వదిలితే ఓడ నిటారుగానే అడుగుకు ఆనుకుని నిలబడుతుందని చెప్పాడు. నిజమే, అక్కడ లోతు అంతగా లేదు. అధికారులు వినలేదు. తెల్లవారుజామున పక్కకు పడిపోయింది. కట్టినవాడు ఒడ్డున నిలబడి దారి చెబుతుంటే వినకుండా పోగొట్టుకున్న ఓడ ఇది. ఈ వృత్తిలో ఉన్నవాడికి టైటానిక్ కంటే ఇదే ఎక్కువ మండిస్తుంది.

చీకటిగది
పడిపోయిన ఫొటో కూడా ఆ ప్రచార చిత్రాలంత ప్రసిద్ధమే. మంచుముక్కలు తేలుతున్న నీళ్లలో పొగగొట్టాలు అడ్డంగా, వెనుక మాన్‌హాటన్ మేడలు నిటారుగా. ఏ కంపెనీ తీయించింది దాన్ని?

నాకు మాత్రం 1940 మార్చిలో పై నుంచి తీసినది అన్నిటికంటే ఇష్టం. నార్మాండీ, క్వీన్ మేరీ, కొత్తగా వచ్చిన క్వీన్ ఎలిజబెత్, మూడూ పక్కపక్క రేవుల్లో. బ్రిటిష్ ఓడలు రెండూ యుద్ధపు బూడిద రంగులోకి మారిపోయాయి. నార్మాండీ ఒక్కటే ఇంకా తన పాత రంగుల్లో ఉంది.

పాతపేజీ
ఆ ఫొటోలో రెండో ఓడ గతేమైందో కూడా చెప్పండి మరి. క్వీన్ మేరీ ఆ బూడిద రంగులోనే ఎనిమిది లక్షల మందికి పైగా సైనికులను మోసింది. 1943 జులైలో ఒకే ప్రయాణంలో 16,683 మంది ఎక్కారు, ఇప్పటికీ అది రికార్డు. 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో కట్టేసి ఉంది, టికెట్ కొని ఎక్కవచ్చు. తుప్పు, మరమ్మతులు, ఖర్చుల లెక్కలు, అన్నీ కళ్లెదుట. దాని మీద ఇంత మోజు ఎవరికీ లేదు. దూరపు కొండలు నునుపు. నార్మాండీ కూడా బతికి ఉండి, దాని భోజనశాలలో ఇవాళ పెళ్లి విందులు జరుగుతుంటే మనలో ఎంతమంది ఫొటో గోడకు తగిలించేవారు?

హడ్సన్‌ఒడ్డు
నేను తగిలించేవాణ్ణి. పెళ్లి విందుకూ వెళ్లేవాణ్ణి. బతికి ఉన్నదాన్ని ప్రేమించలేకపోవడం మన లోపమైతే అవుతుంది గానీ ఓడ లోపం ఎలా అవుతుందండీ? ఇంకో సంగతి. ఆ గాజు చిత్రం ముందు నిలబడినవాళ్లలో చాలామందికి అది ఓడలోదని కూడా తెలియదు. వివరం చదవక ముందే ఆగిపోతున్నారు. వాళ్లకు ఏ ప్రచార చిత్రం చూపించారు?

పాతపేజీ
గాజు చిత్రం గొప్పదని ఒప్పుకుంటాను, అది ఎన్నడూ నా గొడవ కాదు. అది మొదటి తరగతి హాలు గోడ. టూరిస్టు తరగతి గోడ ఒకటి ఏదైనా మ్యూజియంలో ఉంటే చెప్పండి, రేపే బయలుదేరతాను.