కొత్త పెట్రోల్ పికప్‌కి పొగ గొట్టంలో ఫిల్టర్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఫ్రిస్కో బాబాయ్:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల కొత్త పికప్ ట్రక్ తీసుకున్నాను, 2026 మోడల్, వీ6 టర్బో, పెట్రోల్ బండే. ఇక్కడ గ్యాస్ అంటారు గానీ మనకి గ్యాస్ అంటే వంటింటి సిలిండరే గుర్తొస్తుంది కాబట్టి పెట్రోల్ అనే రాస్తున్నా. కొనేటప్పుడు సేల్స్ అతన్ని "ఇందులో పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉందా" అని, అంటే పొగలో మసిని పట్టే డబ్బా ఉందా అని అడిగితే నవ్వేసి అది డీజిల్ బండ్లకే ఉంటుందన్నాడు. పక్కనే సర్వీసు కౌంటర్లో అడిగితే ఇంకొకాయన కొత్తవాటికి అన్నిటికీ వస్తోందన్నాడు. ఒకే కప్పు కింద ఇద్దరు, రెండు మాటలు.

నాకెందుకింత టెన్షన్ అంటే, ఇంతకు ముందు నాది డీజిల్ ట్రక్. ఇంటి నుంచి ఆఫీసు 4 మైళ్లే. ఫిల్టర్ నిండేది, అది తనంతట తాను మసి కాల్చుకోవడం మొదలుపెట్టేలోపే నేను ఇంటికొచ్చి బండి ఆపేసేవాణ్ణి, ఇలా ఏడాది నడిచాక ఒకరోజు హైవే మీద పిల్లలు వెనక సీట్లో ఉండగా లింప్ మోడ్‌లోకి పోయింది. 35 దాటదు. వెనక లారీ వాడు కొట్టిన హారన్ ఇప్పటికీ చెవుల్లో ఉంది. మళ్లీ ఆ గొడవ వద్దనే పెట్రోల్ కొన్నాను.

నిన్న డ్రైవ్‌వేలో అట్టపెట్టె పరుచుకుని బండి కిందికి దూరాను. ఇంజన్ నుంచి రెండు పైపులు దిగుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో డబ్బా. ఆ రెండూ కలిశాక పొడుగాటి డబ్బా ఇంకోటి, దాని వెనక ఇంకా పెద్దది. ఆ పొడుగాటి దాని పక్కగా నల్లటి వైరు ఒకటి వెనక్కి పోతోంది. అదేనా ఫిల్టర్ సెన్సర్? ఫొటో పెడదామనుకున్నా, ఫోన్ జారి కాంక్రీటు మీద పడింది. కాబట్టి మాటల్లోనే అర్థం చేసుకోండి.

మిషిగన్ మిరపకాయ:

అన్నా, నేను డెట్రాయిట్ దగ్గర ఎగ్జాస్ట్ పనిలోనే ఉన్నాను, రోజూ తిండి పెట్టేది ఇదే. మీ డీలర్ దగ్గర ఆ ఇద్దరూ చెరో సగం తప్పు చెప్పారు.

అమెరికాలో పెట్రోల్ బండికి ఫిల్టర్ పెట్టి తీరాలని ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఎంత మసి వదలొచ్చో, అంతవరకే. టియర్ 3 అనే ఇంతకు ముందరి పొగ రూల్ కింద మైలుకి 3 మిల్లీగ్రాములు ఉండేది, దానికి ఫిల్టర్ లేకుండానే చాలా బండ్లు పాసయ్యేవి. 2024 మార్చిలో ఈపీఏ, అంటే ఇక్కడి పర్యావరణ సంస్థ, ఇచ్చిన రూల్‌లో 2027 మోడల్ నుంచి విడతల వారీగా 0.5 మిల్లీగ్రాములకి దించారు, పైగా మైనస్ 7 డిగ్రీల చలిలో స్టార్ట్ చేసి కూడా ఆ లెక్కలోనే ఉండాలన్నారు. అసలు కష్టం అక్కడే. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే కొడుతుంది కదా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది పిస్టన్ మీద, గోడల మీద తడిలా అంటుకుని సరిగ్గా కాలదు, మసి అవుతుంది. వేడెక్కాక మసి చాలా తగ్గుతుంది. ఈ ఫిల్టర్ ఖర్చు ఎక్కువగా ఆ మొదటి రెండు మూడు నిమిషాల కోసమే. అందుకే ఒకే మోడల్లో ఒక ఇంజన్‌కి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. బండి పేరు చూసి చెప్పేవాళ్లని నమ్మకండి.

డబ్బాలు లెక్కపెట్టడం కూడా దండగ. బయట నుంచి ఫిల్టర్, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువుల్ని శుద్ధి చేసేది) రెండూ ఒకేలాంటి స్టీలు డబ్బాలు. తేడా అంతా లోపలే. రెండింట్లోనూ తేనెపట్టు లాంటి సిరామిక్ ఉంటుంది. కన్వర్టర్లో ప్రతి కన్నం ఈ చివర నుంచి ఆ చివరకి తెరిచే ఉంటుంది, దీపం పెడితే అవతల వెలుగు కనిపిస్తుంది. ఫిల్టర్లో మాత్రం ఒక కన్నం విడిచి ఒక కన్నం మూసేస్తారు, చదరంగం బల్ల మీద నల్లగళ్లు ఉన్నట్టు. అవతలి చివర సరిగ్గా దానికి రివర్సు. పొగ లోపలికి వెళ్లాక దారి లేక గోడలోంచే దూరి పక్క కన్నంలోకి రావాలి, మసి గోడకి చిక్కుతుంది. కొందరు కన్వర్టర్ పూతే తెచ్చి ఈ ఫిల్టర్ గోడలకి పూసేస్తారు, అప్పుడు రెండు పనులూ ఒకే డబ్బాలో అయిపోతాయి.

కిందికి దూరితే చూడాల్సింది వైరు కాదు, సన్న పైపు. ఆక్సిజన్ సెన్సర్ అంటే స్పార్క్ ప్లగ్‌లా డబ్బాకి బిగించి, తోకలా వైరు వేలాడుతుంది. అది ప్రతి బండికీ ఉంటుంది. ఫిల్టర్ ఉంటే దాని నుంచి పెన్సిలంత స్టీలు గొట్టం ఒకటో రెండో పైకి లేచి, వేడి తగలని చోట రబ్బరు గొట్టంతో చిన్న ప్రెషర్ సెన్సర్‌కి కలుస్తాయి. ముందు ఎంత ఒత్తిడి, వెనక ఎంత అని కొలిచేది అదే.

బట్టలు మాసిపోకుండా తెలియాలంటే బానెట్ ఎత్తండి. ఎమిషన్ స్టిక్కర్ ఉంటుంది. అందులో పొగ శుద్ధికి పెట్టినవన్నీ పొట్టి పేర్లతో ఉంటాయి, టీడబ్ల్యూసీ అంటే కన్వర్టర్, డీఎఫ్ఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్ (పైన చెప్పిన, పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి కొట్టేది), అలా. ఫిల్టర్ ఉంటే అదీ అక్కడే ఉంటుంది. దాని మీదే టెస్ట్ గ్రూప్ అని 12 అక్షరాల నంబరు ఉంటుంది, అది రాసుకోండి. మొదటి అక్షరం మోడల్ సంవత్సరం, 2025కి ఎస్, 2026కి టీ, 2027కి వీ. తర్వాత మూడు కంపెనీ కోడ్. ఐదోది టీ అయితే ట్రక్. ఆ తర్వాత ఇంజన్ ఎన్ని లీటర్లో. కాలిఫోర్నియాలో కూడా అమ్మే బండి అయితే అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఈ టెస్ట్ గ్రూప్‌కి ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి పత్రం) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అందులో పరికరాల జాబితా ఉంటుంది. కౌంటర్ మీద మాట కన్నా అది మేలు.

స్టుట్‌గార్ట్ కోడలు:

ఉన్నా కంగారు పడకండి బాబాయ్ గారూ. ఇక్కడ మా బండి 2019ది, పెట్రోల్, ఫిల్టర్ ఉంది. యూరప్‌లో 2018 సెప్టెంబర్ నుంచి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కొత్త కార్లకి బరువుతో పాటు రేణువుల సంఖ్య కూడా గట్టిగా లెక్కపెట్టడం మొదలైంది, కిలోమీటరుకి 60 వేల కోట్లు దాటకూడదు. అప్పటి నుంచి మాకు ఇవి మామూలే. నేను రోజూ పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో దింపి రావడం తప్ప పెద్దగా తిప్పను, అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫిల్టర్ నిండిందని చెప్పే లైటు వెలగలేదు.

డీజిల్‌తో పోల్చి భయపడుతున్నారు మీరు. డీజిల్ పొగలో ఆక్సిజన్ బోలెడు, వేడే తక్కువ, అందుకే అదనంగా డీజిల్ కొట్టి మరీ ఫిల్టర్‌ని వేడెక్కించాలి. పెట్రోల్ పొగకి వేడి బాగానే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం దాదాపు ఉండదు. మీరు సిగ్నల్ చూసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తారే, ఆ కాసేపు ఇంజన్ పెట్రోల్ ఆపేసి ఉత్త గాలే తోస్తుంది. ఫిల్టర్ వేడిగా ఉంటే ఆ గాలికి మసి కాలిపోతుంది. మీకు తెలియను కూడా తెలియదు. మరీ చలికాలమంతా 4 మైళ్లే తిప్పితే మాత్రం వారానికోసారి హైవే ఎక్కించండి.

ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు. మసి కాలిపోతుంది గానీ ఇంజన్ ఆయిల్‌లోంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ ఆయిలే పొయ్యండి.

ఇంకోటి, మా ఆయన కనిపెట్టిన పరీక్ష. పొగ గొట్టం చల్లగా ఉన్నప్పుడు లోపల టిష్యూతో తుడవండి. మాది ఇప్పటికీ బూడిద రంగే అంటుతుంది, కాటుక కాదు. రుజువు అనను గానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:

ఇంత చర్చ ఎందుకన్నా, ఉంటే కోయించి మామూలు పైపు పెట్టించెయ్. మా దగ్గర డీజిల్ బండ్లకి అదే చేస్తున్నారు, బండి లాగుడు కూడా పెరుగుతుంది.

మిషిగన్ మిరపకాయ:

తమ్ముడూ, ఇలాంటి సలహాలు దయచేసి ఇవ్వకు. ఇక్కడ క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద అది చట్టవిరుద్ధం. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, బాబాయ్ ఉండే కాలిన్ కౌంటీ లాంటి చోట్ల ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది, రెండేళ్లు దాటిన బండికి ఓబీడీ ప్లగ్ (బండి కంప్యూటర్‌లో కోడ్‌లు చదివేది) పెట్టి చూస్తారు. ఫిల్టర్ కోసేస్తే ప్రెషర్ లెక్క కుదరక కంప్యూటరే పీ2002 అని కోడ్ వేసి లైటు వెలిగిస్తుంది. మసి ఎక్కువైతే వచ్చేది పీ2463. అన్నా, చిన్న ఓబీడీ రీడర్ కొని పెట్టుకోండి, ఎప్పుడైనా లైటు వస్తే ఏదో మీరే చూసుకోవచ్చు.

ఫ్రిస్కో బాబాయ్:

ఆఫీసు నుంచి రాగానే బానెట్ ఎత్తాను. స్టిక్కర్ దొరకడానికే పది నిమిషాలు పట్టింది, రేడియేటర్ పైన ప్లాస్టిక్ కవర్ మీద ఉంది. టెస్ట్ గ్రూప్ టీతో మొదలైంది, ఐదోదీ టీయే. టీడబ్ల్యూసీలు, ఆక్సిజన్ సెన్సర్లు, డీఎఫ్ఐ, టర్బో అన్నీ ఉన్నాయి, ఫిల్టర్ మాట లేదు. కాలిఫోర్నియా ఆర్డర్ కూడా వెతికి పట్టుకున్నా, అందులోనూ అంతే.

ఆ తర్వాత టార్చ్ పట్టుకుని మళ్లీ దూరాను, ఈసారి మా అబ్బాయి చేతికి ఫోనిచ్చి. సన్న స్టీలు పైపు ఎక్కడా లేదు. నేను సెన్సర్ అనుకున్న నల్ల వైరు వెంట చెయ్యి పెట్టుకుంటూ పోతే తిన్నగా వెనక బంపర్ దగ్గర ట్రైలర్ ప్లగ్‌కి తేలింది. ఆ పొడుగాటి డబ్బా రెసొనేటర్ అట, శబ్దం తగ్గించేది.

టిష్యూ పరీక్ష కూడా చేశా. 1,100 మైళ్లకే కాటుక డబ్బాలో వేలు పెట్టినట్టు వచ్చింది. మా ఆవిడ ఆ టిష్యూని కిచెన్ చెత్తబుట్టలో వెయ్యనివ్వలేదు.

మొత్తానికి సేల్స్ అతను చెప్పింది తప్పే, నా బండి మట్టుకు నిజమైంది. బావమరిది 2027 మోడల్ కోసం ఆగుతున్నాడు, వాడికి స్టిక్కర్ చూసే పద్ధతి వాట్సాప్‌లో పంపాను. "కొనేముందు బానెట్ ఎత్తమంటే సేల్స్ వాడు ఏమనుకుంటాడో" అంటున్నాడు.