1914 యుద్ధాన్ని తెచ్చింది పొత్తులా, సామ్రాజ్యాలా?

మెయిన్స్ బాధితుడు:
సివిల్స్ కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నా. ఏ నోట్సు తీసినా మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర ఒకటే కథ. యూరప్ రెండు శిబిరాలుగా చీలింది, సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది, పొత్తుల వల్ల ఒకరి వెనక ఒకరు యుద్ధంలోకి దిగారు. దాని కింద సామ్రాజ్యవాదం అని ఇంకో హెడ్డింగ్. విప్లవాలేమో వేరే చాప్టర్. ఈ మూడింటికీ ముడి ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అసలు పొత్తులు లేకపోతే ఈ యుద్ధం వచ్చేదా? ఆధారాలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

పాత పటాలు:
పొత్తుల కథ చెప్పేవాళ్ళు ఇటలీ పేరు రాగానే గొంతు తగ్గిస్తారు. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో సంధిలో ఉన్న దేశమది. 1914 ఆగస్టులో ఏం చేసింది? గొడవ మొదలుపెట్టింది ఆస్ట్రియా, మన సంధి ఆత్మరక్షణకే, కాబట్టి మేం తటస్థం అంది. తర్వాత రెండు పక్షాలతోనూ బేరాలాడి, 1915 ఏప్రిల్‌లో లండన్‌లో రహస్య ఒప్పందం చేసుకుని, మే నెలలో అదే ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. రుమేనియాదీ అదే బాపతు. 1883 నుంచి ఆస్ట్రియాతో రహస్య సంధి, 1916లో అవతలి పక్షం.

ఇక సెర్బియాను కాపాడతామని రష్యా ఏ సంధి మీదా సంతకం పెట్టలేదు. ఫ్రాన్స్‌ కోసం యుద్ధానికి వస్తామని బ్రిటన్ కూడా పెట్టలేదు. రావాలనుకున్నవాడు వచ్చాడు, వద్దనుకున్నవాడు ఆగాడు. జూలై 5, 6 తేదీల్లో బెర్లిన్ వియన్నాకు ‘మీరేం చేసినా మీ వెనక మేమున్నాం’ అని మాటిచ్చింది చూడండి, అక్కడ వెతకాలి కారణం. ఆ మాట ఇవ్వమని ఏ సంధీ అడగలేదు.

రైలుపిచ్చోడు:
ఇటలీని పట్టుకుని మొత్తం కేసు కొట్టేస్తే ఎలా పటాలు గారూ? ఫ్రాన్స్, రష్యాల 1894 ఒప్పందం సంగతేంటి? అవతలి కూటమి సైన్యాన్ని సమీకరిస్తే ఇద్దరూ వెంటనే సమీకరించాలని అందులో ఉంది. దాన్ని చూసే జర్మనీ తన యుద్ధ ప్రణాళిక మొత్తం మార్చుకుంది. రెండు వైపులా యుద్ధం తప్పదు కాబట్టి ముందు బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌ను పడగొట్టాలి, ఆ తర్వాతే తూర్పుకు తిరగాలి అన్నది లెక్క.

ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్‌లో జరిగింది చదివితే మీకే అర్థమవుతుంది. ఫ్రాన్స్ జోలికి వెళ్ళకపోతే బ్రిటన్ ఊరుకోవచ్చని లండన్‌లోని జర్మన్ రాయబారి టెలిగ్రాం పంపాడు. జర్మన్ చక్రవర్తి కైజర్ ఎగిరి గంతేశాడు. అయితే సైన్యమంతా తూర్పుకే పంపుదాం అన్నాడు. సేనాధిపతి మోల్ట్‌కే కుదరదన్నాడు. లక్షల మందిని, గుర్రాలను, మేతను ఏ రైలు ఎప్పుడు ఎక్కడ దించాలో ఏడాది పాటు వేసిన టైంటేబుల్, రాత్రికి రాత్రి తిప్పితే మిగిలేది సైన్యం కాదు గుంపు అని ఆయన వాదన. ఆ రాత్రే లండన్ నుంచి అదంతా అపార్థమని తేలింది. కైజర్ ఇక మీ ఇష్టం అని వదిలేశాడు. చక్రవర్తి మాట కూడా చెల్లని పరిస్థితి తెచ్చింది ఎవరు? పొత్తులే కదా. కాగితం మీద ఎవరు సంతకం పెట్టారన్నది లాయర్ల గోల.

ఎర్రబస్సు:
ఇద్దరూ కొమ్మలు లెక్కపెడుతున్నారు. 1904లో బ్రిటన్, ఫ్రాన్స్ ఎందుకు కలిశాయి? ఈజిప్టు నీకు, మొరాకో నాకు. 1907లో బ్రిటన్, రష్యా? పర్షియాను పంచుకుని, అఫ్ఘనిస్తాన్, టిబెట్ల మీద సర్దుకున్నాయి. మీరు పొత్తు అంటున్నది దోపిడీ వాటాల పత్రం. ఆలస్యంగా వచ్చిన జర్మనీకి వాటా దక్కలేదు. పంచుకున్న ప్రపంచాన్ని మళ్ళీ పంచుకోవడానికే ఈ యుద్ధమని లెనిన్ అన్నది ఊరికే కాదు.

పాత పటాలు:
లెనిన్ గారి లెక్క వినసొంపుగా ఉంటుంది, తేదీలతోనే పేచీ. వలసల మీద గొడవలు వచ్చినప్పుడల్లా వాళ్ళు సర్దుకున్నారు. 1898లో సూడాన్‌లోని ఫషోదా దగ్గర బ్రిటన్, ఫ్రాన్స్ తన్నుకునేదాకా వచ్చి ఆగాయి. 1911లో మొరాకో గొడవకు ఫ్రెంచ్ కాంగోలో కొంత జర్మనీకి ఇచ్చి ముగించారు. బాగ్దాద్ రైలు మార్గం మీద బ్రిటన్, జర్మనీల మధ్య 1914 జూన్‌లోనే, అంటే హత్య జరిగిన నెలలోనే, రాజీ కుదిరింది. యుద్ధం మొరాకోలో పుట్టలేదు, బాల్కన్‌లో పుట్టింది.

ఎర్రబస్సు:
బాల్కన్ అంటే ఏంటి బ్రో, ఆకాశం నుంచి ఊడిపడిందా? 1908లో బోస్నియాను మింగింది ఆస్ట్రియా సామ్రాజ్యమే. సరాయెవోలో ఆ హత్య చేసిన ప్రిన్సిప్ తుపాకి పేల్చింది అందుకే.

దేవరకొండ మాస్టారు:
బాబులూ, మీరందరూ బెర్లిన్, వియన్నా మధ్యే తిరుగుతున్నారు. అడిగినబ్బాయికి ముడి చూపించాలంటే తూర్పుకు రావాలి. నేను చైనాలోని చింగ్‌తావో రేవు గురించి చెబుతాను. మన పాఠాల్లో అర లైను కూడా ఉండదు.

1897లో, ఆ రేవు ఉన్న షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఇద్దరు జర్మన్ మతబోధకులు హత్యకు గురయ్యారు. ఆ సాకుతో జర్మనీ చింగ్‌తావో ఉన్న అఖాతాన్ని ఆక్రమించి, మరుసటి ఏడాది చైనా చేత 99 ఏళ్ళ లీజు రాయించుకుంది. రేవు కట్టారు, జినాన్ దాకా రైలు వేశారు, 1903లో బీరు ఫ్యాక్టరీ కూడా పెట్టారు. ఆ బీరు ఇప్పటికీ అమ్ముతున్నారు.

1914 ఆగస్టు మొదటి వారంలో బ్రిటన్ తన మిత్రదేశం జపాన్‌ను చిన్న సాయం అడిగింది. తూర్పు సముద్రాల్లో జర్మన్ ఓడలను వేటాడి పెట్టమంది, అంతే. వాళ్ళ మధ్య 1902 నుంచి పొత్తు ఉంది. జపాన్ విదేశాంగ మంత్రి కాటో తన మంత్రివర్గానికి చెప్పిన మాట గమనించండి: సంధి ప్రకారం మనం యుద్ధంలోకి దిగాల్సిన పని లేదు, కానీ ఇది మంచి అవకాశం. ఈ ఉత్సాహం చూసి బ్రిటన్ కంగారుపడి, అడిగిన సాయం వెనక్కి తీసుకోబోయింది. కాటో వినలేదు. ఆగస్టు 15న జర్మనీకి అల్టిమేటం, 23న యుద్ధం. జపాన్ సైన్యం దిగింది లీజు భూమిలో కాదు, తటస్థంగా ఉన్న చైనా గడ్డ మీద. దారిలో రైలు మార్గాన్ని జినాన్ దాకా పట్టేసింది. నవంబర్ 7న చింగ్‌తావో లొంగిపోయింది. ఆ ముట్టడిలో బ్రిటిష్ వాళ్ళ తరఫున మన సిక్కు పటాలం సగం బెటాలియన్ కూడా ఉంది. పంజాబీ సిపాయి చైనా రేవులో జపాన్ కోసం జర్మన్‌తో పోరాడాడు. దీన్ని బాల్కన్ గొడవ అందామా?

మనకూ దీని సెగ తగిలింది. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ యుద్ధ ఓడ ఎండెన్ ఈ చింగ్‌తావో నుంచి బయల్దేరిందే. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. ఊరొదిలి జనం వేలల్లో పారిపోయారు.

ఆ తర్వాత 1915 జనవరిలో చైనా ముందు జపాన్ 21 కోరికలు పెట్టింది. 1917 ఫిబ్రవరిలో బ్రిటన్, మధ్యధరా సముద్రంలోకి జపాన్ డిస్ట్రాయర్లు వస్తే చాలు, యుద్ధం ముగిశాక షాన్‌డాంగ్ మీద నీకే మద్దతు అని రహస్యంగా మాటిచ్చింది. ఆ ఆగస్టులో చైనా కూడా బ్రిటన్, జపాన్‌ల పక్షానే యుద్ధంలో చేరింది. అప్పటికే లక్షకు పైగా చైనా కూలీలను యూరప్‌లో కందకాలు తవ్వడానికి, సామాను మోయడానికి పంపడం మొదలైంది. 1919 ఏప్రిల్ చివర పారిస్ శాంతి సమావేశంలో తీర్పు వచ్చింది: షాన్‌డాంగ్‌లో జర్మనీ హక్కులన్నీ జపాన్‌కే. మే 4న బీజింగ్‌లో మూడు వేల మంది విద్యార్థులు రోడ్డెక్కారు. జపాన్‌తో అంటకాగాడని పేరుపడ్డ మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఆ ఊపులో ఉన్న పీకింగ్ విశ్వవిద్యాలయం మనుషుల్లో చెన్ దుషియు, లీ దజావ్ ఉన్నారు. 1921లో చైనా కమ్యూనిస్టు పార్టీ పెట్టడంలో ముందున్నది వాళ్ళే.

సామ్రాజ్యం, పొత్తు, విప్లవం. మూడూ ఒకే రేవులో దొరుకుతాయి.

పాత పటాలు:
మాస్టారూ, నమస్కారం. కానీ కాటో విషయం మీరు నా వాదనకే ఇచ్చారు. సంధి బలవంతం చేయలేదు, జపాన్ ఎంచుకుంది.

రైలుపిచ్చోడు:
చైనా పాలకులను మరీ అమాయకుల్ని చేయకండి. 1918లో బీజింగ్ ప్రభుత్వమే జపాన్ దగ్గర అప్పులు తీసుకుంటూ షాన్‌డాంగ్ విషయంలో ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసిచ్చింది. పారిస్‌లో ఆ కాగితం బయటపడ్డాక చైనా రాయబారులు ఏం మాట్లాడినా తేలిపోయింది.

ఎర్రబస్సు:
అందుకే విద్యార్థులు సొంత మంత్రి ఇల్లే తగలబెట్టారు. ఇంకోటి మర్చిపోతున్నారు. 1917 నవంబర్‌లో రష్యాలో లెనిన్ పార్టీ బోల్షివిక్కులు గద్దెనెక్కగానే జార్ ఖజానాలోని రహస్య ఒప్పందాలు పత్రికల్లో అచ్చేయించారు. పారిస్‌లో చైనాకు మొండిచేయి చూపినవాళ్ళ పక్కన, పాత జార్ హక్కులు వదులుకుంటాం అని 1919లో ప్రకటించిన రష్యా కనబడితే కుర్రాళ్ళు ఎటు చూస్తారు? మార్క్స్ పుస్తకం చదివి మారినవాళ్ళు కాదు అందరూ.

రైలుపిచ్చోడు:
మంచూరియా మీదుగా వెళ్ళే రైలు మార్గాన్ని మాత్రం రష్యా వదల్లేదు. నా సబ్జెక్టు కాబట్టి గుర్తుచేస్తున్నా :)

మెయిన్స్ బాధితుడు:
మాస్టారు గారూ, ఎండెన్ చింగ్‌తావో ఓడని నిజంగా తెలియదు. అయితే జవాబులో పొత్తులు కారణం కాదు, అవకాశం అని రాయొచ్చా?

దేవరకొండ మాస్టారు:
రాయొచ్చు, కానీ పటాలు బాబు చెప్పినంత తేలిగ్గా కాదు నాయనా. కాటో ఎంచుకున్నాడు, నిజమే. ఎంచుకునే దారి ఎవరు తెరిచారు? 1902 సంధి లేకపోతే జపాన్ బ్రిటన్ పక్కన నిలబడి చైనా గడ్డ మీద సైన్యాన్ని దింపేదా? దింపినా అమెరికా, బ్రిటన్ ఊరుకునేవా? సంధి వాళ్ళ చేయి పట్టుకుని లాగలేదు, వాళ్ళకు అడ్డు లేకుండా చేసింది. 1921లో వాషింగ్టన్‌లో నాలుగు రాజ్యాలు కూర్చుని ఆ పొత్తుకు చరమగీతం పాడాయి. అదే సమావేశాల్లో షాన్‌డాంగ్‌ను తిరిగి ఇచ్చేందుకు జపాన్ ఒప్పుకుంది. రెండూ ఒకే చోట జరగడం కాకతాళీయం అనుకోను.

పాత పటాలు:
వాషింగ్టన్‌లో జపాన్ దిగొచ్చింది అమెరికా ఒత్తిడికి, యుద్ధనౌకల ఖర్చుకి, చైనాలో జపాన్ సరుకుల బహిష్కరణకి. పొత్తు అప్పటికే చచ్చిన గుర్రం. ఈసారి 1902 సంధి మీదే వేరే థ్రెడ్ పెడతాను, అక్కడ తేల్చుకుందాం రండి మాస్టారూ.