13బీ రోటరీ ఇంజన్‌కు ఎంత ఇంజెక్టర్ సరిపోతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో మా గ్యారేజీలో ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల చిన్న విమానం కట్టుకుంటున్నాను. దానికి మాజ్డా 13బీ రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు రెండు రోటర్లు తిరిగే కారు ఇంజన్) బిగించి, 2.85 నిష్పత్తి గల రిడక్షన్ గేరుతో ప్రొపెల్లర్ తిప్పాలని ఉద్దేశం. టర్బో లేదు, 7000 ఆర్‌పీఎం వద్ద 180 హార్స్‌పవర్ ఆశిస్తున్నాను. పాత కారు ఇంజన్‌తో వచ్చిన నాలుగు ఇంజెక్టర్లూ (పెట్రోలు చిమ్మే నాజిళ్లు) నిమిషానికి 460 సీసీవి. వాటికి బదులు 1000 సీసీవి రెండే పెడితే పైపులూ వైర్లూ తగ్గుతాయని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది మేలు?

జవాబు 1:
రోటరీకి పెట్రోలు దాహం ఎక్కువ. పైగా పూర్తి శక్తి వద్ద మిశ్రమం చిక్కగా ఉండాలి కనుక, ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 0.27 కిలోల చొప్పున లెక్క వేసుకోండి. 180 హార్స్‌పవర్‌కు 48.6 కిలోలు, అంటే సుమారు 67.5 లీటర్లు, నిమిషానికి 1125 సీసీ అవుతుంది. నాలుగింటికి పంచితే ఒక్కోదానికి 281 సీసీ. మీ 460 సీసీ ఇంజెక్టర్లు 61 శాతం డ్యూటీ సైకిల్‌తోనే, అంటే 61 శాతం సమయం తెరిచి ఉంటేనే, ఆ పని చేస్తాయి.

కారులో ఇంతటితో లెక్క ముగిసేది. విమానంలో అడగవలసిన అసలు ప్రశ్న వేరు: ప్రతి రోటరుకు ఉండే ప్రైమరీ, సెకండరీ ఇంజెక్టర్లలో ఒక జత పూర్తిగా పోతే మిగిలిన జత మిమ్మల్ని గాలిలో నిలబెడుతుందా? 85 శాతం డ్యూటీ వద్ద రెండు 460లు నిమిషానికి 782 సీసీ ఇస్తాయి. అది దాదాపు 125 హార్స్‌పవర్‌కు చాలు, రన్‌వే చేరుకోవడానికి అంతకన్నా అక్కర లేదు. మీ మిత్రుడు చెప్పిన ఏర్పాటులో మాత్రం ఒక్కటి మూసుకుపోయినా ఒక రోటరు మొత్తం ఆగిపోతుంది. అయితే ఏ జతనైనా విడిగా ఆపి, రెండో జతపైనే నడిపే స్విచ్ ఇంజెక్టర్లను నడిపే మీ ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌కు ఉండాలి. లేకపోతే నాలుగు ఉన్నా ఫలితం లేదు.

జవాబు 2:
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఐడిల్ (థ్రాటిల్ మూసినప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరగడం) సంగతి కూడా చూడండి. 1800 ఆర్‌పీఎం వద్ద ఇంజన్ నిమిషానికి 100 సీసీ తాగుతుందనుకుంటే, రోటరుకు ఒకటి చొప్పున రెండే పనిచేస్తున్నప్పుడు షాఫ్ట్ చుట్టుకు ఒకసారి చిమ్మే 460 సీసీ ఇంజెక్టర్ 3.6 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే సరిపోతుంది. 1000 సీసీదైతే 1.7 మాత్రమే. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది, బ్యాటరీ వోల్టేజీ పడితే అది ఇంకా పెరుగుతుంది. అంత చిన్న పల్స్‌తో మిశ్రమం నిలకడగా ఉండదు. ల్యాండింగ్‌కు థ్రాటిల్ మూసినప్పుడు ఇంజన్ ఆగిపోవడం ఎవరికీ సరదా కాదు.

ఇంకొకటి: 460 అన్న అంకె కొత్త ఇంజెక్టర్‌ది. మీవి పాతవి కాబట్టి 3 బార్ పీడనం వద్ద 30 సెకన్ల పాటు పూర్తిగా తెరిచి, కొలజాడీలో పట్టి చూడండి. ఆరుబయట చేయండి, దగ్గర నిప్పు ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం పెరట్లో కొలిచాను. మూడింటిలో 224 నుంచి 229 సీసీ వరకు వచ్చింది, నాలుగోదానిలో 197 మాత్రమే. దానిని శుభ్రం చేయించి, మళ్లీ కొలిచాకే బిగిస్తాను. 1000 సీసీవి కొనడం లేదు.