మెదడులో మచ్చలు: ముక్క పరీక్షకు ముందే టీబీ మందులు వాడవచ్చా?

బ్రాడీపేట నివాసి: మా నాన్నగారికి నడకలో తూలు, మాటలో ముద్దతనం వచ్చాయి. ఎంఆర్ఐలో చిన్నమెదడులోనూ, మెదడు కాండం దగ్గరా మచ్చలు కనబడ్డాయి. గుంటూరులో ఒక డాక్టరు టీబీ అన్నారు. టీబీ మందులతో పాటు స్టెరాయిడ్లు కూడా రాశారు. కొన్నాళ్లు తేరుకున్నట్టే ఉన్నారు, స్టెరాయిడ్ తగ్గించగానే మళ్లీ మంచం పట్టారు. చాలా ఆలస్యంగా ఎర్డ్‌హైమ్-చెస్టర్ అనే అరుదైన జబ్బు అని తేలింది. ముక్క తీసి పరీక్షించకుండా (బయాప్సీ లేకుండా) టీబీ మందులు మొదలుపెట్టడం సరైనదేనా?

విశ్రాంత వైద్యుడు, సూర్యారావుపేట: సరైనదే. మన దేశంలో మెదడులో మచ్చ కనబడితే ముందు టీబీని తలచుకోని డాక్టరు ఉండడు. మెదడు టీబీలో ఆలస్యమైతే ప్రాణం పోతుంది. మెదడు కాండంలోకి సూది దించడం తేలికైన పనీ కాదు. అరుదైన జబ్బు అరుదుగానే వస్తుందమ్మా.

కృష్ణలంక: డాక్టర్లందరూ ఇంతే. మా బావమరిది వెన్నునొప్పికి కూడా ఏడాది పాటు గ్యాస్ మాత్రలే ఇచ్చారు.

బ్రాడీపేట నివాసి: మెదడులోకి సూది ఎవరు దించమన్నారు? నాన్నగారికి మోకాళ్ల దగ్గర నొప్పి ఎప్పటినుంచో ఉంది. వయసు అన్నారు. రాత్రంతా నీళ్లు తాగేవారు. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది, అయినా ఎవరూ పట్టించుకోలేదు. పెట్ స్కాన్ కూడా తీశారు, తొడ మధ్య దాకా! జబ్బు అక్కడినుంచి కిందనే ఉంది. డబ్బు పూర్తిగా కట్టించుకుని మనిషిని సగంలో ఆపేశారు.

విశ్రాంత వైద్యుడు: మామూలు క్యాన్సర్ పెట్ స్కాన్ తొడ మధ్య దాకానే తీస్తారు. అది ఎవరి మోసమూ కాదు.

బ్రాడీపేట నివాసి: మోసం అనలేదు. ఆపేశారు అన్నాను.

స్లైడు చూసేవాడు: స్కాన్ గొడవ కాసేపు పక్కన పెట్టండి. ఈ జబ్బును 1930లో యాకోబ్ ఎర్డ్‌హైమ్, విలియం చెస్టర్ వర్ణించారు. హిస్టియోసైట్లు అనే కణాలు నురగ నిండినట్టు ఉబ్బి ఎముకల్లో, మూత్రపిండాల చుట్టూ, కళ్ల వెనక, మెదడులో పేరుకుంటాయి. కణాలను గుర్తుపట్టే రంగు పరీక్షల్లో సీడీ68 రంగు పడుతుంది, సీడీ1ఎ పడదు. అయితే స్లైడు మాత్రమే చూసి ఎవరూ పేరు పెట్టలేరు. రెండు కాళ్ల పొడవాటి ఎముకలు మోకాళ్ల దగ్గర ఒకే తీరుగా గట్టిపడి ఉండటం పెద్ద ఆధారం. మామూలు ఎక్స్‌రేలోనే కనబడవచ్చు. అతిగా నీళ్లు తాగడం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నదానికి గుర్తు కావచ్చు. ఈ రెండూ తెలిస్తే ముక్క కాలి ఎముక నుంచే తీయవచ్చు.

విశ్రాంత వైద్యుడు: అంతా తెలిశాక చెప్పడం సులువు. నీళ్లు ఎక్కువ తాగే ప్రతి మనిషికీ కాళ్లు ఎక్స్‌రే తీయమంటారా?

బ్రాడీపేట నివాసి: ప్రతి మనిషికీ కాదు. తూలుతూ, నీళ్లు తాగుతూ, కాళ్లు నొప్పి అంటున్న మనిషికి.

విశ్రాంత వైద్యుడు: నా అనుభవం కూడా వినండి. ఇంటర్ చదివే కుర్రవాడు. టీబీ మెనింజైటిస్ అన్నాను. రుజువు కానిదే మందులు వద్దని బంధువులు పట్టుబట్టారు. రిపోర్టు వచ్చేసరికి పిల్లవాడికి స్పృహ లేదు, తర్వాత దక్కలేదు. మీకు ఆ ఇల్లు తెలియదు.

బ్రాడీపేట నివాసి: మీకు మా ఇల్లు తెలియదు. నాన్నగారికి జ్వరం లేదు, వెన్నునీటి పరీక్షలో టీబీ కనబడలేదు.

విశ్రాంత వైద్యుడు: కనబడనంత మాత్రాన లేదని కాదు. మందులు వాడుతుండగానే టీబీ గడ్డలు కొన్నాళ్లు పెరగడమూ ఉంది.

కృష్ణలంక: అలాగైతే తగ్గినా టీబీనే, పెరిగినా టీబీనే! చిత్తు పడినా బొరుసు పడినా మీదే గెలుపు.

విశ్రాంత వైద్యుడు: వెటకారం చేసేవారు ఒక్కరోజు ఓపీలో కూర్చుని చూడండి.

బ్రాడీపేట నివాసి: డాక్టరు గారూ, మందులు మొదలుపెట్టారని కాదు నా కోపం. ఫైలు మీద టీబీ అని రాసేశారు, అనుమానం అన్న మాటే లేదు. తర్వాత విజయవాడలో చూసినవారందరూ ఆ మాటనే ఎత్తి రాసుకున్నారు. మళ్లీ మొదటినుంచి అడిగినవారు లేరు. "టీబీ అనుకుంటున్నాం, తగ్గకపోతే వేరే వెతుకుదాం" అని ఒక్క ముక్క మాకు చెప్పి ఉంటే, ఆ కాళ్ల నొప్పి సంగతి మేమే మళ్లీ ఎత్తేవాళ్లం.

విశ్రాంత వైద్యుడు: అలా చెబితే సగం మంది మందులు మానేస్తారు. మిగతా సగం సాయంత్రానికి పక్క సందులో ఇంకో డాక్టరు దగ్గర ఉంటారు. నిశ్చయంగా చెప్పిన డాక్టరు మాటే ఇక్కడ చెల్లుతుంది. నేను అలాగే చెప్పాను, రేపు కూడా అలాగే చెబుతాను.

బ్రాడీపేట నివాసి: అంటే మా భయం కోసం కాదు, మేము వెళ్లిపోతామని.

విశ్రాంత వైద్యుడు: రెండూ.

స్లైడు చూసేవాడు: అమ్మా, బీఆర్ఏఎఫ్ జన్యు పరీక్ష చేయించారా? సగానికి పైగా రోగుల్లో వి600ఇ మార్పు ఉంటుంది. అలాంటివారికి వెమురాఫెనిబ్ అనే మందును అమెరికాలో 2017లో అనుమతించారు.

బ్రాడీపేట నివాసి: ఎముక ముక్కతో చేశారు. "నమూనా పనికిరాలేదు" అని వచ్చింది.

స్లైడు చూసేవాడు: ఎముకను మెత్తబరచడానికి ఆమ్లంలో వేసి ఉంటారు, అందులో డీఎన్ఏ పాడవుతుంది. మళ్లీ తీస్తే ఆమ్లం బదులు ఈడీటీఏ అనే ద్రావణంతో చేయమని ముందే చెప్పండి. మూత్రపిండాల చుట్టూ కూడా జబ్బు ఉంటే అక్కడి మెత్తటి ముక్క ఇంకా మేలు. మార్పు లేదని తేలినా దారి మూసుకుపోదు, కోబిమెటినిబ్ అనే మరో మందుకు 2022లో అక్కడే అనుమతి వచ్చింది.

కృష్ణలంక: ఆ మాత్రలు ఇక్కడ ఎంత ఉంటాయి?

బ్రాడీపేట నివాసి: అడగకండి. రెండెకరాలు బేరానికి పెట్టాం.