మోటర్‌హోమ్ వెనక కారు కట్టుకుని నడపడం ఎలా నేర్చుకోవాలి?

లేతచక్రం:
నమస్తే అండీ. నేను ఇన్నేళ్లూ కారు తప్ప ఇంకేమీ నడపలేదు. ఈమధ్యే 30 అడుగుల మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే పెద్ద బండి) తీసుకున్నాం, మా చిన్న కారును టో బార్‌తో (బండికీ కారుకీ మధ్య బిగించే రెండు చేతుల కడ్డీ), నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లేలా వెనక లాక్కెళ్లాలని ఉంది. మా ఆయన ధైర్యంగానే ఉన్నారు, నాకు మాత్రం మలుపులంటే టెన్షన్. దారిలో ఆయనకు ఒంట్లో బాగోకపోతే నడపాల్సింది నేనే కాబట్టి బాగా నేర్చుకోవాలి. రెండూ కలిపే మొదలుపెట్టొచ్చా?

పాతబాటసారి:
కలిపి వద్దండీ. ముందు మోటర్‌హోమ్ ఒక్కటే చేతికి అలవాటు కానివ్వండి. ఖాళీ మైదానంలో బండి పక్కనే నేల మీద సుద్దతో పొడవుగా గీత గీసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదలండి, మీ ఆయన్ని వెనక దూరంగా నిలబడి చూడమనండి. మీరు ఎడమకు తిరుగుతుంటే బండి వెనక మూల కుడివైపు గీత దాటి బయటికి వస్తుంది. వెనక చక్రాల తర్వాత బాడీ ఎంత పొడవుంటే అంత ఎక్కువ వస్తుంది. పక్క లైన్లో వెళ్లే బండికో, స్తంభానికో తగిలేది ఆ మూలే. ఇక లోపలివైపు వెనక చక్రాలు మలుపును కోసేస్తాయి కాబట్టి కారులోలా ముందే తిప్పకండి, ఇంకాస్త నేరుగా వెళ్లి ఆలస్యంగా తిప్పాలి. ఈ రెండూ వస్తే, కారు కట్టాక కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే.

మెల్లగావెళ్దాం:
తక్కువే గానీ అందులో ఒకటి చాలా పెద్దది: రివర్స్. టో బార్‌తో కట్టిన కారును వెనక్కి నెట్టకండి. దాని స్టీరింగ్ వదులుగా ఉంటుంది కదా, ముందు చక్రాలు ఎటో ఒకవైపు పూర్తిగా తిరిగిపోయి అడ్డంగా ఈడ్చుకుపోతాయి. నేను ఒకసారి ముందుకు దారి లేని చోట ఇరుక్కుని, కొంచెమేగా అని మూడడుగులు వెనక్కి తీశాను, టో బార్ చెయ్యి వంగిపోయింది. దిగి కారు విప్పుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు, ఆ కొన్ని నిమిషాలకు బద్ధకించాను. ఇప్పుడు పెట్రోల్ బంకైనా పార్కింగైనా బయటికి వెళ్లే దారి కళ్లతో చూశాకే లోపలికి తిప్పుతాను. విప్పాల్సి వస్తుందనిపిస్తే వీలైనంత నేరుగా ఆపండి, వంకరగా ఆపితే పిన్నులు బిగుసుకుని రావు.

గేర్‌బాక్స్:
అంతకన్నా ముందు మీ కారును అలా లాక్కెళ్లొచ్చో లేదో దాని మాన్యువల్‌లో చూడండి. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగదు, చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి లోపలి భాగాలు అరిగి పాడవుతాయి. న్యూట్రల్‌లో పెట్టేశాం కదా అనుకోవద్దు.

కారుకు విడిగా బ్రేక్ సిస్టమ్ పెట్టించండి, దాంతోపాటు టో బార్ ఊడితే కారు బ్రేకులు వాటంతటవే పడేలా బ్రేక్‌అవే కేబుల్ కూడా. దీని విషయంలో దయచేసి రాజీ పడకండి. లేకపోతే కారు బరువు కూడా మోటర్‌హోమ్ బ్రేకుల మీదే పడుతుంది.

లేతచక్రం:
బ్రేక్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదండీ, చాలా థాంక్స్. కట్టిన ప్రతిసారీ బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి? ఘాట్ దిగేటప్పుడో?

పాతబాటసారి:
మెల్లగా నేరుగా కొన్ని అడుగులు ముందుకు పోనివ్వండి, టో బార్ చేతులు రెండూ లాక్ అవుతాయి. అప్పుడు ఒకరు కిందే ఉండి కారు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా అని చూడాలి, హ్యాండ్ బ్రేక్ తీయడం మర్చిపోతే అక్కడే తెలిసిపోతుంది. సేఫ్టీ చైన్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు కూడా చూడండి. కారు టైరులో గాలి పోయినా ముందు కూర్చున్న మీకు తెలియకపోవచ్చు, అందుకే ఆ టైర్లకూ ప్రెజర్ సెన్సర్లు, వెనక ఒక కెమెరా ఉంటే మంచిది.

ఘాట్‌లో దిగడం మొదలవ్వకముందే చిన్న గేరులోకి రండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచేస్తే వేడెక్కి పట్టు పోతుంది, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. వెనక బండ్లు ఎన్ని హారన్లు కొట్టినా మీ వేగం మీదే, చోటు దొరికినప్పుడు పక్కకు తీసి వాళ్లను పోనివ్వండి.