ఇంటిగ్రేషన్ దగ్గరే ఆగిపోతున్నా: బీసీఏనా, బీఏ ఎకనామిక్సా?

బెంగళూరులో సెకండ్ పీయూసీ (మన ఇంటర్ సెకండియర్ లాంటిది) పూర్తయింది, పీసీఎంసీ గ్రూపు (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్). లెక్కల్లో 100కి 54. ఏ ఉద్యోగం చేయాలో ఇంకా తేల్చుకోలేదు, వారంలో ఫీజు మాత్రం కట్టాలి.

ఇంజినీరింగ్ వద్దని నాన్నగారిని ఒప్పించాను (అసలు పరీక్ష అదే). ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ టెస్టు రెండుసార్లు రాస్తే ఒకసారి కామర్స్ అంది, ఇంకోసారి డిజైన్ అంది. నెల పాటు రోజూ గంటన్నర ఖాన్ అకాడమీలో లెక్కల వీడియోలు చూశాను. సెట్స్, మాట్రిసెస్, ప్రాబబిలిటీ బాగానే వస్తున్నాయి. డెరివేటివ్స్ ఫర్వాలేదు. ఇంటిగ్రేషన్‌లోనే ఏ సబ్‌స్టిట్యూషన్ వాడాలో తట్టదు, పదింటికి మూడు వస్తే గొప్ప. బీసీఏలో డిస్క్రీట్ మ్యాథ్స్ (సెట్స్, లాజిక్ లాంటివి), ఎకనామిక్స్‌లో కాలిక్యులస్ (డెరివేటివ్స్, ఇంటిగ్రేషన్), స్టాటిస్టిక్స్ ఉంటాయని తెలుసు. సిలబస్ చదివినా ఎంత లోతుగా ఉంటాయో అర్థం కాలేదు.

ఇక్కడ ఈ రెండింట్లో ఏదైనా చదివినవాళ్లు చెప్పండి: నాకొచ్చే ఈ లెక్కలతో ఏది నెట్టుకురాగలను?