"లుఠదభంగ తరంగ"లో ఆ 'అ' దేనికి చెందుతుంది?

ప్రశ్న, నెల్లూరు నుంచి

మిత్రులకు నమస్కారం. హిమాలయ నదుల్లో బతికే చన్నీటి చేపల గురించి విద్యార్థుల మాసపత్రిక ఒకదానికి వ్యాసం రాస్తున్నాను. గంగ ఎగువ భాగంలో, అంటే హిమానీనదాల నుంచి హరిద్వారం దాకా, ఆనకట్టలు కట్టినవారు నదిలోకి ఎప్పుడూ కొంత నీటిని వదిలి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు 9న ఉత్తర్వు ఇచ్చింది. హిందీలో ఆ వాదమంతా 'అవిరల్ ధారా', అంటే ఎడతెగని ధార, అనే మాట చుట్టూ తిరిగింది. నేను దాన్ని 'అవిరళ ధార' అని రాస్తే సంపాదకులు కింద ఎర్రగీత గీసి తిప్పి పంపారు. వేరే మాట వెతుకుతూ ఉండగా పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు మంచుకొండను చూసిన పద్యం మనసులో మెదిలింది. "ముహుర్ముహుర్లుఠ" అన్నంతవరకు గుర్తుంది, ఆ తరువాత 'ద్భంగ తరంగ'మో 'దభంగ తరంగ'మో తేలడం లేదు. రెండోదే అయితే పెద్దన పేరు చెప్పుకొని 'అభంగ ప్రవాహం' అని రాయవచ్చా?

తెనాలి నుంచి

ఇందులో తేలకపోవడానికి ఏముందండీ? "అంబరచుంబి శిరస్సరజ్ఝరీపటల ముహుర్ముహుర్లుఠదభంగ తరంగ మృదంగ నిస్వన స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపిజాలమున్, కటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్" అని కదా పద్యం. అది చంపకమాల. రెండో పాదం 'పటల'లోని 'ప'తో మొదలైంది, పదకొండో అక్షరం 'భం', యతి చక్కగా కుదిరింది. మీ 'ద్భంగ' పెడితే 'ఠ' గురువై భగణం కాస్తా రగణమైపోతుంది, ఒక అక్షరం లోపిస్తుంది, యతి పదో అక్షరానికి జారిపోతుంది. లుఠత్, అభంగ కలిసి 'లుఠదభంగ'. పాఠం విషయంలో సందేహం అక్కరలేదు. అర్థం సంగతి వేరే వాళ్లు చూసుకుంటారు.

కాకినాడ నుంచి

మాస్టారు పాఠం తేల్చి అసలు చిక్కును మాకు వదిలేశారు. అమరకోశంలో "భంగస్తరంగ ఊర్మిర్వా" అని ఉంది కదా, అంటే భంగమన్నా తరంగమన్నా ఒకటే. అలాంటప్పుడు 'అభంగ తరంగం' అంటే అల లేని అల అనే విచిత్రార్థం వస్తుంది. నేను చూసిన వ్యాఖ్యాతలు 'ఎడతెగని అలలు' అని చెప్పి ముందుకు సాగారు. విరగడమే అల స్వభావమైనప్పుడు విరగని అల ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పాలి. పెద్దనవంటి కవి యతి కోసం ఒక 'అ'ను ఇరికించాడంటే నేను నమ్మను.

డెహ్రాడూన్ నుంచి

నేను సాహిత్యం చదివినవాణ్ణి కాదు, ఇరవై ఏళ్లుగా ఈ కొండనదుల ప్రవాహాలను కొలిచే ఉద్యోగంలో ఉన్నాను. కాకినాడ వారు అడిగిన విరగని అల ఇక్కడ రోజూ కనిపిస్తుంది. సముద్రపు అల నడిచి వచ్చి ఒడ్డున విరుగుతుంది. కొండవాగులో పెద్ద బండ దిగువన లేచిన అల మాత్రం నడవదు, నీరు దాని గుండా దొర్లిపోతూ ఉంటే అది అక్కడే అదే ఆకారంతో నిలబడి ఉంటుంది. నీరు మళ్లీ మళ్లీ దొర్లుతుంది, అల చెదరదు. 'ముహుర్ముహుర్లుఠత్' అన్నదీ 'అభంగ' అన్నదీ ఒకే చోట ఎందుకు పడ్డాయో నాకు ఆ బండల దగ్గర నిలబడినప్పుడే అర్థమైంది.

ఆ పక్కనే ఉన్న 'మృదంగ నిస్వన'మూ ఊరికే వేసిన పోలిక కాదు. సెలయేటి సవ్వడి చాలావరకు నీరు రాతికి తగలడం వల్ల పుట్టేది కాదు, నీటిలో చిక్కుకున్న గాలి బుడగలు కంపించడం వల్ల పుట్టేది. దీన్ని మిన్నార్ట్ అనే భౌతికశాస్త్రవేత్త 1933లో గణితంతో చూపాడు. వాగు మోగుతున్నదంటే గాలి నీటిలోకి దిగుతున్నదని అర్థం, చేపకు ఊపిరి అక్కడే అందుతుంది.

ఇప్పుడు ఉత్తరకాశిలో జోషియాడా బ్యారేజీ దగ్గర భాగీరథి నీటిని 16 కిలోమీటర్ల సొరంగంలోకి మళ్లించి ధరాసు దగ్గర టర్బైన్ల మీదికి దింపుతారు. ఆ రెంటి మధ్య ఉన్న నదిలో చలికాలం రాళ్లు తేలుతాయి. నీటిచుక్క పోలేదు, కరెంటు పుట్టించి కింద మళ్లీ నదిలోనే కలిసింది కాబట్టి లెక్కల్లో ఎక్కడా నష్టం కనిపించదు. పోయింది తరంగమూ మృదంగమూ మాత్రమే.

భీమవరం నుంచి

డెహ్రాడూన్ వారు చెప్పిన మృదంగం మా జిల్లాలో రొయ్యల రైతును అడిగితే ఇంకా బాగా చెబుతాడు. రాత్రిపూట చెరువునీటికి గాలి ఎక్కించే ఏరేటరు చప్పుడు ఆగిందంటే ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి చెరువుగట్టుకు పరుగెత్తుతాడు. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేదు, సున్నా డిగ్రీల దగ్గర 14.6 మిల్లీగ్రాముల దాకా పట్టి ఉంచుతుంది. కొండ ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఈ లెక్క కొంత తగ్గుతుంది. అయినా చన్నీరు ప్రాణవాయువుకు పెద్ద గాదె. ఆ గాదెకు అలవాటు పడ్డ చేప, నీరు మందగించి వెచ్చబడితే తట్టుకోలేదు.

ప్రశ్న అడిగినవారికి ఒక మనవి. మీ వ్యాసంలో 'మంచు ట్రౌట్' అని రాసి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. గఢ్వాల్, కుమావూ ప్రాంతాల్లో అసేలా అని పిలిచే ఆ చేప ట్రౌట్ జాతిదే కాదు, అది మన శీలావతికీ బొచ్చెకూ చుట్టమైన గండె కుటుంబానిది. కింది పెదవి దగ్గరున్న గట్టి అంచుతో రాళ్లమీది పాచిని గీరుకొని తింటుంది, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. రాళ్లూ ఇసుకా లారీలకెత్తితే దాని అన్నం పళ్లెమూ పురిటిగదీ ఒకేసారి పోయినట్లే. నిజమైన బ్రౌన్ ట్రౌట్‌ను తెల్లదొరలు గాలపు వేట సరదా కోసం 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీరులో పెంచారు, అది తరువాత మిగతా కొండనదులకూ చేరింది. మాంసాహారి కావడంవల్ల అది స్థానిక చేపల పిల్లలను తింటుంది, చోటు కోసం వాటితో పోటీ పడుతుంది. పరాయి చేప పేరు తగిలించుకొని సొంత చేప బతకవలసి రావడం నాకు మింగుడుపడదు.

విజయనగరం నుంచి

చేపల సంగతి బాగుంది కాని, సంపాదకులు ఎర్రగీత గీసినది 'అవిరళ' మీద. ఆయన గీసింది న్యాయమే. విరళమంటే పలచన, అవిరళమంటే దట్టం. ఎడతెగని అనే అర్థానికి 'అవిరత' ఉంది. మన పత్రికలు 'అవిరళ కృషి' అని రాసి రాసి 'త' ఉండవలసిన చోట 'ళ'ను స్థిరపరిచాయి. హిందీవారూ అదే పొరపాటు చేసి ఉంటారని నా అనుమానం.

తెనాలి నుంచి

విజయనగరం వారిది పాత వాదమే, దానికి జవాబూ పాతదే. ఎడతెగని అనే అర్థం 'అవిరల'కు సంస్కృతంలోనే ఉంది, పత్రికలవాళ్లు పుట్టించినది కాదు. అయితే ఆ అర్థానికి మూలం 'సందు లేకపోవడం'. భవభూతి ఉత్తరరామచరితంలో సీతారాములు చెంపలు ఆనించుకొని మాటల్లో పడి రాత్రి గడిచిన సంగతే తెలియకపోయిన పద్యం మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ 'అవిరలిత కపోలం' అన్నాడు, రెండు చెంపల మధ్య సందు లేదు. 'నిరంతర'లోనూ అంతరం లేకపోవడమే ఉంది. స్థలంలో సందు లేకపోవడం నుంచి కాలంలో ఎడం లేకపోవడానికి అర్థం పాకింది, అంతే. భవభూతి ఆ పద్యాన్ని ముగించిన తీరు గురించి చెప్పుకుంటే రాత్రి మనకూ గడిచిపోతుంది కనుక ఆగుతున్నాను.

డెహ్రాడూన్ నుంచి

మాస్టారు సరదాగా చెప్పిన ఆ తేడా మా వృత్తిలో అసలు ప్రశ్న. ఏడాది పొడవునా నీరు ఆగకుండా పారడం ఒకటి, మొదలు నుంచి తుది దాకా నదికి అడ్డు లేకపోవడం మరొకటి. ఉత్తర్వు మొదటిదాన్నే చూసింది. నవంబరు నుంచి మార్చి వరకు నెలసరి సగటు ప్రవాహంలో 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, జూన్ నుంచి సెప్టెంబరు వరకు 30 శాతం వదలాలని అందులో ఉంది. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి ఎగువకు ఎక్కే బంగారు మహసీరుకు కావలసింది రెండోది. 260 మీటర్ల తెహ్రీ ఆనకట్ట కింద ఎంత నీరు వదిలినా ఆ చేప దాన్ని ఎక్కలేదు. కాలంలో నది అవిరళమే కావచ్చు, స్థలంలో తెగిపోయింది.

శాతాలు పాటించినా ఇంకో చిక్కు ఉంది. సాయంత్రం కరెంటు గిరాకీ పెరిగే వేళ టర్బైన్లు తిప్పి, తరువాత ఆపేస్తే కొన్ని గంటల్లోనే నది పొంగి దిగిపోతుంది, ఒడ్డు గులకరాళ్ల మీద గుడ్లూ పిల్లలూ ఎండలో మిగిలిపోతాయి. నెలసరి సగటులో ఆ గంటలు కనపడవు.

కాకినాడ నుంచి

అలాగైతే విజయనగరం వారి 'దట్టం' అనే అర్థమే ఇక్కడ సరిగ్గా పనికివస్తుందని నాకు అనిపిస్తున్నది. ఐదింట నాలుగు పాళ్ల నీటిని తీసేసి మిగిలినదాన్ని వదిలితే అది ఎడతెగకపోవచ్చు, కాని విరళ ధారే కదా! దాన్ని 'అవిరళ' అనడం తప్పు. సంపాదకులు ఏ కారణంతో గీసినా ఆ ఎర్రగీత పడవలసిన చోటే పడింది.

అదే లెక్కన 'అభంగ ప్రవాహం' కూడా కుదరదు. పెద్దన 'అభంగ'ను ఝరికి తగిలించలేదు, తరంగానికి తగిలించాడు. ఉత్తర్వు కాపాడగలిగేది ఝరిని మాత్రమే, తరంగాన్ని కాదు. ఆ 'అ'ను ఒక మాట ముందుకు జరిపితే పద్యానికీ నదికీ అన్యాయం చేసినట్లే.

విజయనగరం నుంచి

నా అర్థాన్ని సమర్థించినందుకు కృతజ్ఞతలు, అయితే నేను అన్నది అందుకు కాదు. పైగా హిందీ మాటను అంత తేలిగ్గా తీసేయలేము. కాన్పూరు ఐఐటీలో ఆచార్యుడిగా పనిచేసి తరువాత సన్యసించిన జి.డి. అగర్వాల్ ఆ 'అవిరల' గంగ కోసమే 111 రోజులు నిరశన చేసి, 2018 అక్టోబరు 11న, ఉత్తర్వు వెలువడిన రెండు రోజులకు కన్నుమూశారు. ఆయన అడిగిన అవిరలతకూ ఉత్తర్వులోని శాతాలకూ పొంతన లేదని అప్పుడే చాలామంది అన్నారు. మాట ఒకటే, కోరినవారి అర్థం వేరు, ఇచ్చినవారి అర్థం వేరు.

హైదరాబాద్ నుంచి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. అందరూ 'అభంగ' దగ్గరే ఆగిపోయారు, నా దృష్టి దాని ముందున్న 'శిరస్సరజ్ఝరీ' మీద ఉంది. అందులోని 'సర' సరస్సే అని నా చిరకాల విశ్వాసం. కొండ నెత్తిన సరస్సు, అందులోంచి దూకే ఝరి అని చదివితే, హిమానీనదాలు కరిగి శిఖరాల దగ్గర ఏర్పడే సరస్సులను పెద్దన చెప్పినట్లవుతుంది. సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు 2023 అక్టోబరులో గట్టు తెగి తీస్తా మీది చుంగ్‌థాంగ్ ఆనకట్టను ఊడ్చుకుపోయింది. అంతకు పదేళ్ల ముందు, 2013 జూన్‌లో, కేదారనాథ్ పైనున్న చోరాబారీ సరస్సూ తెగింది.

తెనాలి నుంచి

సరస్సు అయితే సంధిలో 'సరోఝరీ' కావాలి. 'సరజ్ఝరీ' కావాలంటే 'సరత్' తప్ప గతి లేదు, శిఖరాల మీద పారుతున్న సెలయేళ్లు అని అర్థం. ల్హోనాక్ సరస్సు ఆనకట్టను కూల్చగలిగింది కాని వ్యాకరణాన్ని కూల్చలేదు.

డెహ్రాడూన్ నుంచి

సరస్సు లేకపోయినా హైదరాబాద్ వారి భయంలో నిజముంది. నా అనుమానం పద్యం చివరి భాగం మీద. నెమళ్లు, ఏనుగులు, సాలవృక్షాలు ఒకచోట చేరేది హిమాలయ పాదాల దగ్గర, రాజాజీ అడవుల వైపు. మంచు శిఖరం దగ్గర అవి ఉండవు. అంటే పెద్దన 'శీతశైలం' అన్నది మహసీరు ఉండే ఎత్తే, అసేలా ఉండే ఎత్తు కాదు. ఇప్పుడు నీరు వెచ్చబడేకొద్దీ చన్నీటి చేపకు పైకి జరగడం తప్ప దారి లేదు, ఆ పైకి జరిగే దారిలోనే ఆనకట్టలు ఉన్నాయి.

కాకినాడ నుంచి

'సాల'మంటే ఏ చెట్టయినా కావచ్చునని కోశాలు చెబుతున్నాయి, దాన్ని పట్టుకొని ఎత్తు కొలవకండి. ఏనుగుల గురించి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ఇంకొక ముక్క, ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చిన పాదలేపం మంచులో కరిగి వాగులో కలిసింది కదా. హిమాలయ జలాల్లో మనిషి కలిపిన రసాయనానికి మన సాహిత్యంలో మొదటి సాక్ష్యం అదే అయి ఉంటుంది. ఊరికి తిరిగి వెళ్లే దారి కూడా దానితోనే పోయింది.

నెల్లూరు నుంచి

అందరికీ కృతజ్ఞతలు. గడువు దాటిపోతుండటంతో 'అవిరళ'నూ 'అభంగ'నూ రెంటినీ తీసేసి, "నదిలో వదలవలసిన కనీసపు నీరు" అని రాసి పంపాను. ఈసారి సంపాదకులు దాన్ని ఏమీ అనలేదు, భీమవరం వారి మాట విని నేను సరిచేసిన 'అసేలా' కింద గీత గీశారు. తెలుగులో చివరి దీర్ఘం ఉండాలా, 'అసేల' అని హ్రస్వం చేయాలా అని అడుగుతున్నారు.

తెనాలి నుంచి

హ్రస్వమే. గంగా మనకు గంగ అయినట్లే, సీతా సీత అయినట్లే అసేలా అసేల అవుతుంది.

భీమవరం నుంచి

మరి మా చెరువుల్లో ఇన్నేళ్లుగా పెరుగుతున్న కట్లా ఇంకా కట్ల ఎందుకు కాలేదు, మాస్టారూ?